అచ్చాయమ్మ గుమ్మం

విచారణ సంఘం వారి సముఖానికి,

ముందుగా క్షమాపణలు. చిన్నాచితకవి కావు, నిండు సభలో సాష్టాంగపడి చెప్పదగ్గవి. అంగారకుడి మీద గాలి ఇంత పల్చగా ఉన్నందుకు సిగ్గుపడుతున్నాను. రాత్రిపూట చలి మర్యాద లేకుండా ప్రవర్తిస్తున్నందుకు తలదించుకుంటున్నాను. రెండు వందల ఏళ్ళ కిందట గుమ్మటం కట్టిన మహానుభావులు, మునిమనవలు వచ్చి దాని తలుపుకు పిండి పూస్తారని ఊహించలేకపోయినందుకు వాళ్ళ తరఫున కూడా మన్నించమని వేడుకుంటున్నాను. ఈ రాతలో ఎక్కడైనా వెటకారం వినిపిస్తే అది నా చేతిరాతలోని లోపం.

తమరు అడిగింది డ్యూటీ పుస్తకం. ఇదిగో, పేజీ చించకుండా, అక్షరం దిద్దకుండా సమర్పిస్తున్నాను. చివరి నమోదు మాత్రం ఈ రాత్రి కొత్తగా రాసింది.

ఇట్లు,
గవర్రాజు, ఎమ్మే (పురాశిథిల శాస్త్రం, రెండో ర్యాంకు)
పాత గుమ్మటం రాత్రి గైడు


రాత్రి 1

చేరాను. స్మారక సంఘం అధ్యక్షురాలు దుర్గాంబ గారు నియామక పత్రంతో పాటు ఒక టార్చిలైటు, ఒక ఉన్ని టోపీ, ఒక అట్లకాడ చేతిలో పెట్టారు.

"అట్లకాడ ఎందుకండీ?"

"గీకడానికి."

"ఏం గీకాలండీ?"

"వెళ్ళు. నీకే తెలుస్తుంది."

విశ్వవిద్యాలయంలో శిథిలాల వయసు కట్టడం నేర్పారు, విరిగిన పైపు ముక్కను చూసి దాని వంశవృక్షం చెప్పడం నేర్పారు. గీకడం మీద ఒక్క పాఠం లేదు.

పని ఇదీ. సూర్యుడు నీలంగా కుంగాక ఊరి నుంచి బస్సు వస్తుంది. డ్రైవరు దాని వెనక భాగాన్ని గుమ్మానికి ఆనించి బిగిస్తాడు. జనం లోపలికి దిగుతారు. నేను తలుపు మూసి చక్రం తిప్పుతాను. పచ్చ దీపం వెలుగుతుంది. బస్సు ఊడదీసుకుని వెళ్ళిపోతుంది. రాత్రి షిఫ్టు వాళ్ళను తోటలకు చేర్చాలి మరి, ఊరికంతటికీ ఉన్నది ఒక్క బస్సు. అది తిరిగొచ్చేదాకా మాకూ బయటి చావుకూ మధ్య ఆ తలుపే దిక్కు. పగలు ఎవరినీ రానివ్వం. పాత గుమ్మటం అద్దానికి ఎండను వడగట్టే శక్తి ఎప్పుడో పోయింది, లోపల కాసేపు నిలబడితే చర్మం అప్పడమైపోతుంది. అందుకని మన ప్రాచీన వైభవమంతా టార్చిలైటు వెలుగులోనే.

మొదటి జట్టుకు గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "ఇవి మొదటి తరం వాళ్ళు పడుకున్న అరలు. ఇది వాళ్ళు చెమటను తాగునీరు చేసుకున్న తొట్టి. ఇది వంట గట్టు..."

వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ లేరు. అందరూ ఇప్పుడే తాము దిగిన తలుపు దగ్గర వరసలో నిలబడి ఉన్నారు. చేతిలో తలా ఒక జొన్నపిండి ముద్ద. చరిత్ర చూడటానికి ఇంత దూరం వచ్చి, తాము లోపలికొచ్చిన గుమ్మాన్నే చూసి వెళ్ళిపోయారు.

నాకు అచ్చాయమ్మ మీద గౌరవం లేదని కాదు. తొలి చలికాలంలో ఈ తలుపు రబ్బరు చీలిపోయి గాలి బయటికి పోతుంటే, మగాళ్ళు పనిముట్ల పెట్టె తాళంచెవి కోసం కొట్టుకుంటుంటే, వంటమనిషి అచ్చాయమ్మ తను కలుపుతున్న పిండిని తెచ్చి ఆ సందులో కుక్కి, తెల్లవారేదాకా అరచేత్తో నొక్కి పట్టుకుంది. రెండు వేళ్ళు చలికి పోయాయి. జనం బతికారు. ఆ బతికినవాళ్ళ సంతానమే మనమంతా. మా వంశకర్త ఆ రాత్రి లోపల గాఢనిద్రలో ఉన్నాడట. మా ఇంట్లో ఆ విద్య ఇప్పటికీ నిలిచే ఉంది.

ముద్ద పెట్టడానికి తలుపు పక్కన ఒక బండ ఉంది. బోర్డు కూడా ఉంది. కానీ అచ్చాయమ్మ పెట్టింది బండ మీద కాదు కదా! అందరూ సరిగ్గా తలుపు అంచున, రబ్బరు వచ్చి ఆనే చోటే పెడతారు. రాత్రి చలికి అది రాయి అవుతుంది.

జట్టు బస్సెక్కాక, బస్సు ఊడేలోగా, అట్లకాడ ఎందుకో తెలిసింది.


రాత్రి 9

ఈల వినిపించింది. బస్సు వెళ్ళాక తలుపు కింది మూల నుంచి, చాలా సన్నగా. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. దానికి తెలిసింది గడియ పడిందా లేదా అన్నదొక్కటే. అంచు అతుక్కుందో లేదో దానికి పట్టదు. ప్రభుత్వోద్యోగి లాంటి దీపం.

ముద్దలు అమ్మేది మంగతాయారు గారు. బస్సుతోనే వస్తుంది, బస్సుతోనే పోతుంది. ఒళ్ళో పెద్ద గిన్నె, గిన్నెలో తడిగుడ్డ కప్పిన పిండి.

"పిన్ని గారూ, మీ ముద్దల వల్ల తలుపు పడట్లేదు."

"నా ముద్దల వల్లే నువ్వు పుట్టావయ్యా."

"అది అచ్చాయమ్మ గారి ముద్ద."

"ఆవిడదీ జొన్నపిండే, నాదీ జొన్నపిండే. ఏం, ఎమ్మేలో పిండికి కులం చెప్పారా?"

"కొంచెం చిన్నవి చేయొచ్చుగా."

"చిన్నవి చేస్తే పిసినారిదానివంటారు. పెద్దవి చేస్తే నువ్వు ఏడుస్తావు. ఎవరో ఒకరు ఏడవక తప్పదుగా, నువ్వే ఏడువు బాబూ, కుర్రాడివి, ఓపికుంటుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మోకాళ్ళ మీద కూర్చుని గీకాను.


రాత్రి 17

గాలి శాఖ ఇంజనీరు ఖాదర్ బాషా గారిని కలిశాను. మంచి మనిషి. టీ ఇప్పించాడు.

"ఈలా? సన్నదా, లావుదా?"

"సన్నదేనండి. రోజురోజుకీ లావవుతోంది."

"తమ్ముడూ, అది స్మారకం. స్మారకం తలుపు మీద మా మనిషి స్క్రూడ్రైవరు పెడితే దుర్గాంబ గారు మా మనిషిని అక్కడే ప్రతిష్ఠిస్తారు. సంఘం నుంచి లెటరు తీసుకురా, పొద్దున్నే వస్తా."

దుర్గాంబ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఈల అంటే గాలి. గాలి అంటే గాలి శాఖ. మధ్యలో నేను లెటరు ఇస్తే, స్మారకం బాగోలేదని సంఘమే ఒప్పుకున్నట్టు కాదూ?"

మళ్ళీ బాషా గారి దగ్గరికి వెళ్ళాను. ఈసారి కూడా టీ ఇప్పించాడు. నా ఫిర్యాదు ప్రస్తుతం రెండు కప్పుల టీ దాకా వచ్చింది.


రాత్రి 18

నా మీదే ఫిర్యాదు వచ్చింది. భక్తుల కళ్ళముందే ముద్దలు గీకి పారేస్తున్నానట. ఇకమీదట అందరూ బస్సెక్కాకే గీకాలని ఆదేశం. అందరూ ఎక్కేసరికి అవి రాళ్ళు. అట్లకాడ వంగిపోయింది. కొత్తది కావాలని అర్జీ పెట్టుకున్నాను. అర్జీలో 'పురావస్తు పరిరక్షణ ఉపకరణం' అని రాశాను. అట్లకాడ అని రాస్తే వంటశాల విభాగానికి పంపిస్తారు.


రాత్రి 26

అక్క వచ్చింది. శిథిలాలకు కాదు, నా గదికి. హైమక్కకు ఏడో నెల.

మంచం మీద కూర్చుని, గుక్క తిప్పుకుని, "వచ్చే నెల చూలాళ్ళ రాత్రికి నా పేరు రాసుకో" అంది.

కడుపుతో ఉన్నవాళ్ళందరూ కలిసి గుమ్మానికి వచ్చి ముద్ద పెట్టే రాత్రి అది. అలా పెడితే పుట్టే బిడ్డకు ఊపిరి తక్కువ కాదని నమ్మకం.

"అక్కా, తలుపు బాగోలేదు. ఈ ఒక్కసారికీ మానెయ్."

"పోయినసారీ మానేశాగా."

పోయినసారి పుట్టిన బిడ్డ ఊపిరి అందక ఒక పూట కూడా బతకలేదు. అప్పుడు అక్క గుమ్మానికి వస్తానంటే, ఇదంతా చాదస్తమని క్లాసు పీకి ఆపించింది నేనే. అప్పుడు నేను ఫస్టియర్. లోకంలో అన్నీ తెలిసిన వయసు.

"దానికీ దీనికీ సంబంధం లేదక్కా. డాక్టరే చెప్పాడుగా."

"నాకూ తెలుసురా. అయినా నువ్వు ఉంటావుగా అక్కడ? తలుపు సంగతి నువ్వు చూసుకో. ముద్ద సంగతి నేను చూసుకుంటా."

పేరు రాసుకున్నాను. ఇంకా నెల టైముంది. ఆలోగా తలుపు బాగుచేయించకపోతే నేను గవర్రాజునే కాదు.


రాత్రి 35

గవర్రాజును కాకుండా పోయే అవకాశాలు మెరుగ్గా ఉన్నాయి.

ఈల ఇప్పుడు కింది మూలలోనే కాదు, నిలువు అంచు పొడుగునా వస్తోంది. కాగితం ముక్క దగ్గర పెడితే అంచుకు లాక్కుని అతుక్కుంటోంది. బస్సును ఇక్కడే ఆగమని డ్రైవరును బతిమాలాను.

"తోటలోవాళ్ళు నా మీద పడి కొడతారు బాబూ. మీ ఈల నాకు వినపడదు గానీ వాళ్ళ కేకలు వినపడతాయి."

జట్టుకు తలుపు దగ్గర నిలబడి చేతులు జోడించి చెప్పాను: "అయ్యా, అమ్మా, అచ్చాయమ్మ గారు గాలి ఆపడానికి పెట్టారు ముద్ద. మనం పెట్టే ముద్దల వల్ల గాలి పోతోంది. దయచేసి బండ మీద పెట్టండి."

ఒక పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. "బాగా చెప్పావు నాయనా" అన్నాడు. మెచ్చుకోలుగా రెండు ముద్దలు పెట్టాడు, తలుపు అంచునే.

తర్వాత గీకుతూ ఏడుపొచ్చింది. అది కూడా గడ్డకట్టింది.

ఒక్క మంచివార్త. మంగతాయారు గారి ముందు నేను గింజుకోవడం చూసి జాలిపడ్డారో ఏమో, దుర్గాంబ గారు ఒప్పుకున్నారు. సంఘం సభ్యులంతా తొమ్మిది రోజుల్లో తనిఖీకి వస్తారు. బస్సు వెళ్ళాక లోపల నిలబడి ఈల స్వయంగా వింటారు. వింటే లెటరు ఇస్తారు. లెటరు ఇస్తే బాషా గారు పొద్దున్నే వస్తారు. అప్పుడు అక్క వచ్చేసరికి తలుపు కొత్త రబ్బరుతో మెరుస్తుంది. ఒక్క ఈల. నాకు కావలసింది అదొక్కటే.


రాత్రి 43

రేపే తనిఖీ. ఈ రాత్రి జట్టు లేదు, దుమ్ము లేచిందని ఎవరినీ ఎక్కనివ్వలేదు, బస్సు నా భోజనం క్యారేజీతో ఖాళీగా వచ్చింది. బస్సు ఊడేలోగా తీరికగా తలుపంతా గీకి, తుడిచి, మూసి, అది ఊడాక చూశాను.

ఈల లేదు.

డ్రైవరును బతిమాలి బస్సు మళ్ళీ ఆనించి, తెరిచి మళ్ళీ మూశాను. కాగితం పెట్టాను. కదల్లేదు. గోడ మీద గాలి ఒత్తిడి చూపించే ముల్లు పెట్టిన చోటే ఉంది. నలభై రాత్రులు నన్ను కాల్చుకుతిన్న తలుపు, పెద్దమనుషులు వస్తున్నారని తెలిసి బుద్ధిమంతురాలై కూర్చుంది. రేపు సంఘం వాళ్ళు నలుగురైదుగురే వస్తారు. మర్యాద తెలిసినవాళ్ళు, నా ముందు ముద్దలు బండ మీదే పెడతారు. తలుపు చక్కగా పడుతుంది. దుర్గాంబ గారు నా వైపు ఒక చూపు చూస్తారు. ఆ చూపు నాకిప్పుడే కనిపిస్తోంది. "ఏదీ నీ ఈల?" అంటారు. పదిహేను రోజులకు చూలాళ్ళ రాత్రి. తలా రెండు ముద్దలు.

ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. పడమట చిన్న చందమామ లేచింది. రాత్రికి రెండోసారి తిరిగి వచ్చి పలకరించేది అదొక్కటే.


రాత్రి 44

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బస్సు వచ్చి బిగించుకుంది. తలుపు తీశాను. మొదట దుర్గాంబ గారు దిగారు. ఆవిడ వెనక సంఘం సభ్యులు లేరు. ఆవిడ వెనక, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కడుపులు ముందుకు పెట్టుకుని, ఆడవాళ్ళు. నాలుగో మనిషి హైమక్క.

"ఇదేంటండీ?" అన్నాను.

"వచ్చే వారం నుంచి పెద్ద దుమ్ము తుపాను అని గాలి శాఖ చెప్పింది. నెల్లాళ్ళు బస్సు తిరగదట. అందుకని చూలాళ్ళ రాత్రి ముందుకు జరిపాం. తనిఖీదేముంది, తర్వాత చేసుకుందాం."

"వద్దు. ఎక్కండి. అందరూ ఎక్కండి బస్సు."

"ఏవిటా అరుపులు?"

"తలుపు పడదండీ! ఈ రాత్రి పడదు!"

"నలభై రోజులుగా ఇదే పాట."

అట్లకాడ తీసుకుని తలుపు అంచు మీద పడ్డాను. పొడిచాను, గీకాను. దుర్గాంబ గారు నా మణికట్టు పట్టుకున్నారు. అంత పెద్దావిడకు అంత బలముంటుందనుకోలేదు.

"కడుపుతో ఉన్న ఆడపిల్లల ముందు గుమ్మాన్ని పొడుస్తావా? నీకు మతి ఉందా?"

అట్లకాడ లాక్కుని ఆవిడే సంచిలో వేసుకున్నారు. అక్క నా వైపు చూసింది. "ఒరేయ్, ఏమైందిరా? చెప్పు" అంది. నేను తలుపు అన్నాను, రబ్బరు అన్నాను, బాషా గారన్నాను, లెటరన్నాను. నోటికొచ్చిందల్లా అన్నాను. అప్పటికే డ్రైవరు హారను కొడుతున్నాడు. దుర్గాంబ గారే తలుపు తోసి చక్రం తిప్పారు. పచ్చ దీపం వెలిగింది. బస్సు ఊడింది.

అది ఈల కాదు. కుక్కరు మీద బరువు ఎగిరిపోతే వచ్చే చప్పుడు. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. నా మెళ్ళోని గుర్తింపు కార్డు గాల్లో లేచి తలుపు వైపు తిరిగింది. కీళ్ళ వైపు అంచు నిలువునా వేలెడు ఖాళీ.

రేడియోలో అరిచాను.

"అప్పుడే అయిపోయిందా పూజ?" అన్నాడు డ్రైవరు.

"తిరిగి రా! తలుపు పడలేదు!"

రేడియోలో బ్రేకు కీచుమంది. తర్వాత, "వస్తున్నా బాబూ. ఇసకలో బండి తిప్పాలి. పట్టుకోండి" అన్నాడు. గొంతు మారిపోయింది.

పరుగెత్తి అత్యవసర పెట్టె తెరిచాను. అతుకు మందు ట్యూబు ఉంది. మా తాతగారి వయసు దానిది, పిండితే పొడి రాలింది. గాలి ముల్లు చూస్తుండగానే దిగుతోంది. వెనక్కి తిరిగేసరికి...

ఎవరూ అరవడం లేదు. ఎవరూ పరుగెత్తడం లేదు. మంగతాయారు గారు గిన్నె నేల మీద పెట్టి తడిగుడ్డ తీసేసింది.

"బాబూ, పక్కకు తప్పుకో. అమ్మాయిలూ, కింద నుంచి పైకి రండి. పొడుగ్గా ఉన్నవాళ్ళు పైన అందుకోండి."

వాళ్ళు వచ్చారు. ముద్దను అరచేతిలో ఒక్కసారి గుండ్రంగా తిప్పడం, సందులో పెట్టడం, బొటనవేలితో కుక్కడం, పైన అరచెయ్యి ఆనించి కదలకుండా నిలబడటం. ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి ఒక్కరూ చేస్తున్నదే. ఇన్నేళ్ళూ నేను దాన్ని మొక్కు అనుకున్నాను. చెయ్యి తిరిగిన పనివాళ్ళ జట్టు అది. పిండి సందులోకి లాక్కుపోయింది, లాక్కుపోయిన చోటే చలికి బిగిసింది. చప్పుడు సగమైంది. దుర్గాంబ గారు నగల చేతులతోనే గిన్నెలోంచి పిండి తీసి అందిస్తున్నారు. నేనూ అందించాను.

పిండి ఎంత కుక్కినా కీళ్ళ దగ్గర ఒక చోట మాత్రం నిలవడం లేదు. అక్క అక్కడ చెయ్యి పెట్టింది.

"తియ్యక్కా, చెయ్యి పోతుంది. నేను పెడతా."

"నీ చెయ్యి ఇక్కడ పట్టదురా, లావు. నువ్వు నా వెనక నిలబడు. నడుము లాగేస్తోంది, ఆనుకుంటా."

వెనక నిలబడ్డాను. అక్క నన్ను ఆనుకుంది. కడుపులో బిడ్డ తంతుంటే ఆ తన్ను అక్క వీపులోంచి నాకు తెలిసింది. ఎంతసేపో రాయలేను. గడియారం చూసే చెయ్యి ఖాళీగా లేదు.

బస్సు వచ్చి ఆనింది. చప్పుడు ఆగింది. పిండి బిగిసిపోయి తలుపు రాకపోతే డ్రైవరు బయటి నుంచి ఇనుపకడ్డీతో పెకలించాడు. అందరూ ఎక్కారు. అందరూ. అక్క కుడి అరచేతి చర్మం కొంత తలుపు మీదే ఉండిపోయింది. చూపుడువేలి కొస తెల్లగా, చల్లగా ఉంది. డాక్టరు ఆ వేలు నిలుస్తుందో లేదో రెండు వారాలు పోతే గానీ చెప్పలేనన్నాడు. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట.


రాత్రి 49

లెటరు అక్కర్లేకుండానే బాషా గారు పదిమందితో వచ్చి, ఒక్క పూటలో తలుపు విప్పి కొత్త రబ్బరు వేసి వెళ్ళాడు. ఇంతకాలం ఆ పూట ఎక్కడుందో ఆ అచ్చాయమ్మకే తెలియాలి.

దుర్గాంబ గారు సభ పెట్టారు. ముద్ద మహిమ రుజువైందన్నారు. ఇకమీదట మనిషికి ఒక ముద్ద కాదు, రెండు. నలభై రాత్రులు ముద్ద వల్ల ప్రమాదమని మొత్తుకున్నాను; చివరికి ముద్దే అందరినీ కాపాడి కూర్చుంది. ఇక నా మాట ఈ ఊళ్ళో ఏ చెవిలోకి వెళ్తుంది? సభ ముందే నన్ను మెచ్చుకుని కొత్త అట్లకాడ కూడా ఇచ్చారు. ముందే హెచ్చరించిన దూరదృష్టి గలవాణ్ణట. చప్పట్లు కొట్టారు. మెడ వంచుకుని తీసుకున్నాను.


రాత్రి 52

తమరి తీర్పు ముసాయిదా గోడ మీద అంటించారు. చదివాను.

తలుపు పడకపోవడానికి కారణం కీళ్ళ వైపు గాడిలో దొరికిన ఒక ముద్ద అట. భక్తుల చెయ్యి అంత లోపలికి పోదు కాబట్టి, మంగతాయారు గారి పిండిలో బంక ఎక్కువై అది జారి గాడిలోకి పాకిందట. అందువల్ల ఆవిడ అమ్మకం అనుమతి రద్దు. బస్సు ఎక్కరాదు. లోపలి సొరంగంలో పుట్టగొడుగుల పనికి వెళ్ళాలి. పది రోజుల్లో అభ్యంతరాలుంటే తెలపాలి.

ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఖాళీ గిన్నె బోర్లించి దాని మీద కూర్చుని ఉంది.

"పిన్ని గారూ, అభ్యంతరం రాయండి. మీ పిండి అంత దూరం ఎలా పాకుతుంది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు బాబూ. ఆ వారం జొన్నలు కొత్తవి. నీళ్ళు ఒక పిసరు ఎక్కువ పోశానేమో. గుర్తు చేసుకుంటున్నా, గుర్తు రావట్లేదు."

"ఎక్కువ పొయ్యలేదులెండి."

"నీకేం తెలుసు? పోసే ఉంటాను. లేకపోతే ఎందుకు పాకుతుంది? కళ్ళు మూసుకుంటే ఆ అమ్మాయిలే వరసగా కనపడుతున్నారు. నా చేత్తో చేసిన ముద్దే కదయ్యా వాళ్ళని చంపబోయింది."

మామూలుగా నన్ను చూడగానే ఏదో ఒకటి అనకుండా ఉండదు. ఈసారి టోపీ సరిగ్గా పెట్టుకోమని మాత్రం చెప్పింది, చెవులు బయటికున్నాయట.


రాత్రి 53

అభ్యంతరం తెలుపుతున్నాను.

ఆ పిండి ఎటూ పాకలేదు. నలభై మూడో రాత్రి పుస్తకం మూశాక, గీకి బండ మీద వేసిన ముద్దల్లో ఒకటి తీసి, హీటరు మీద మెత్తబరిచాను. కీళ్ళ వైపు మరమ్మతు మూత విప్పాను. దాని తాళంచెవి నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు. ముద్దను గాడిలో పెట్టి మూత బిగించాను. చిన్న ఈల వస్తే చాలనుకున్నాను. సంఘం వాళ్ళు విని భయపడతారు, లెటరు వస్తుంది, అక్క వచ్చేసరికి తలుపు బాగవుతుంది అనుకున్నాను. తెల్లారేసరికి చలికి అది ఉబ్బి, తలుపునే పక్కకు నెట్టేంత రాయి అవుతుందని అనుకోలేదు. రెండో ర్యాంకు చదువు.

నలభై నాలుగో రాత్రి నేను గీకబోయింది భక్తుల ముద్దల్ని కాదు, గాడిలోని నా ముద్దని. అక్క "ఏమైందిరా, చెప్పు" అని అడిగినప్పుడు ఒక్క వాక్యం చాలు. దుర్గాంబ గారు బస్సు ఆపేవారు. తలుపు గురించి, రబ్బరు గురించి, శాఖల గురించి అన్నీ అరిచాను గానీ ఆ వాక్యం ఒక్కటి నోట్లోంచి రాలేదు. నలభై రోజులుగా నాదే సరైన మాట. ఆ పూట దాన్ని పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. అందుకే అక్క చెయ్యి అక్కడ పెట్టాల్సి వచ్చింది.

పొద్దున అక్కకు చెప్పాను. కట్టు లేని చేత్తో గది తలుపు చూపించి, "ముందు వెళ్ళి మంగతాయారు గారికి చెప్పు" అంది. వెళ్ళి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టింది. చాలాసేపు తిట్టింది. తర్వాత గిన్నె తిరగేసి కడగడానికి తీసుకెళ్ళింది.

గాడిలో దొరికిన ముద్ద తమరి టేబుల్ మీద సీసాలో ఉంది. కరగనివ్వకండి. భక్తుల ముద్ద మీద బొటనవేలి గుర్తు తలుపు వైపు నుంచి పడుతుంది. సీసాలోని దాని మీద వెనక వైపు నుంచి, మూత తీసిన దిక్కు నుంచి పడి ఉంటుంది. ఆ వేలు నాది. ఆ ముద్ద నేనే పెట్టాను.